భూమితల్లి తీగ

ఆ కాయితం నాకు సూపించకండి మేష్టారూ. కింద ఉన్న సంతకం నాదే, నాకు తెలీదేటి? "నీళ్లగది, వంటగది, తీగలు అన్నీ పరీక్ష సేసినాను, అద్దెకి దిగువారికి ఏ భయమూ లేదు, ఇట్లు కరెంటు మేస్త్రి మంగరాజు." అంతే గదా రాసుంది? ఆ రాత సావుకారు వీరభద్రరావుగారి గుమస్తాది. నాది ఆ వంకర గీత ఒక్కటే.

అది తరవాత సూద్దారి. ముందు అమ్మగారిని పిలవండి. నీళ్లగదిలో కాలు పెట్టొద్దనండి. పిల్లగుంటని కూడా లాక్కొచ్చీమనండి. ఆ ఇత్తడి మర మీద సెయ్యెయ్యొద్దనండి. బేగి బాబూ, బేగి, నన్ను తరవాత తిడుదురు గానీ.

ఒచ్చీసేరా? సరే. ఆ అరుగు మీద కూకోండమ్మా. కోపం రాకండి. ఘాటీ ఎక్కి మూడు రోజులు బండిలో ఒళ్లు హూనం అయిపోయుంటాది, ఏడినీళ్లు పోసుకుందారని సూస్తే ఎవడో మేస్త్రి పరిగెట్టుకొచ్చి అడ్డం పడ్డాడు. నాకూ తెలుసు తల్లీ.

నాను డుంబ్రిగుడ సంతలో సింతపండు బేరం సేసుకుంటన్నాను. మిమ్మల్ని దింపొచ్చిన బండోడు ఎదురుపడి అన్నాడు, కొత్త మేష్టారు కుటుంబంతో దొర ఇంట్లో దిగిపోనారు, అమ్మగారు స్నానం స్నానం అంటన్నారు అని. అంతే, సింతపండు అక్కడే ఒగ్గీసేను. రెండు కోసుల దూరం. ఒక్క పరుగున ఒచ్చేను.

సంతకం ఎప్పుడు సేసేవంటారా? పోయిన సంతకి. ఇల్లు సూడకుండా సేసేవా అంటారా? అవును, సూడకుండానే సేసేను. సావుకారు దుకాణంలో, ఆయన ఉప్పుబస్తా మీద పెట్టి సేయించేడు. "ఏడాది నుంచి తాళం పెట్టున్న ఇల్లు, అందులో ఏటి పాడౌతాదిరా" అన్నాడు. నిజవే గదా అనుకున్నాను. నిజవే గదా అనుకోడం నాకు అలవాటైపోనాది మేష్టారూ. ఎదటోడు కొంచెం గట్టిగా సెప్తే సాలు.

మీరూ కూకోండి, నాను మాత్రం తిరుగుతానే ఉంతాను, ఏటనుకోకండి. ఈ ఇంట్లో ఒకచోట కూకోలేను. ఈ నీళ్లగది గుమ్మం దగ్గరైతే మరీని.

ఇది గూడెం పక్క పితూరీ, అదే తిరగబాటు, సల్లబడ్డ మరుసటేడు కట్టిన ఇల్లు. ఒక దొర కాఫీ తోట ఏస్తానని ఒచ్చేడు. తోట సరిగ్గా రాలేదు, ఇల్లు మాత్రం ఒచ్చినాది. ఆయనకి ఒకటే యావ. తన దేశంలో తన ఇంట్లో ఏటేటి ఉన్నాయో అవన్నీ ఈ కొండల్లోనూ ఉండాలి. గెడ్డ దగ్గర నీళ్ల జోరుకి తిరిగే సక్రం పెట్టించేడు. దాని పక్కన డైనమో. అక్కణ్ణుంచి ఇక్కడికి తీగలు. ఏడాదిగా ఆగున్న ఆ సక్రాన్ని మీరొస్తన్నారని సావుకారు మళ్లీ తిప్పించినట్టున్నాడు. దీపాలతో ఊరుకుంటే బాగుణ్ణు. పొయ్యికి కరెంటు, స్నానానికి కరెంటు. అదిగో ఆ నల్లటి ఇనప పొయ్యి, దానికి కట్టెలక్కర్లేదు, బొగ్గక్కర్లేదు. నీళ్లగదిలో గోడకున్న ఆ ఇనప డబ్బాలో నీళ్లు కాగుతాయి. మర తిప్పితే నెత్తిమీద సిల్లుల గిన్నెలోంచి వానలాగ పడతాయి. మీ గుంట దాన్ని సూసి నవ్వుతున్నాది గదా. ఇక్కడి పిల్లలు దాన్ని వానడబ్బా అంటారు.

నాది విజయనగరం. అక్కడ ఒక జమీందారుగారి మేడలో దీపాలు పెడుతుంటే మూడేళ్లు సామాను మోసేను, మోస్తా మోస్తా పని నేర్సుకున్నాను. దొర నన్నిక్కడికి తెచ్చేడు. సగం పని నాకు తెలుసు, సగం ఆయన సెప్పేడు. ఆయన సెప్పినదాంట్లో సగం నాకు అర్థమైనాది. అలగ లెక్కేసుకోండి నా సదువు.

అమ్మగారు ఏటో అంటన్నారు. ఏడాది పాటు తాళం ఎందుకు పెట్టేరు అనా? సెప్తాను తల్లీ. పారిపోను. ముందు ఒక పని సేసి సూపిస్తాను, మీ కళ్లతో సూడండి, లేపోతే మంగరాజు కట్టుకథ సెప్తన్నాడంటారు.

ఇదిగో ఈ దీపం బుడ్డి, దీనికి రెండు తీగలు. ఒక తీగ కరెంటు ఒచ్చే దగ్గర పెడతన్నాను. రెండోది గోడెమ్మట కిందికి దిగుతున్న ఈ లావుపాటి రాగి తీగకి ఆనించేను. దీపం ఎలాగెలిగింది? తెల్లగా కళ్లు జిగేలుమనాలి. సూడండి, సుట్ట కొసలాగ ఎర్రగా ఉన్నాది. ఉన్నాదా లేదా అన్నట్టున్నాది.

ఇప్పుడు రెండోసారి సూడండి. ఒక తీగ నీళ్ల డబ్బాకి, రెండోది తడిసున్న ఈ నేలకి. కరెంటు తీగ ముట్టుకోలేదు, సూసేరు గదా. ఒట్టి డబ్బా, ఒట్టి నేల. అయినా దీపం మినుకుమంటన్నాది. డబ్బాలో కరెంటు దిగుంది మేష్టారూ. అమ్మగారు తడి కాళ్లతో నిలబడి ఆ ఇత్తడి మర పట్టుకుంటే దీపానికి బదులు ఆవిడి.

ఉండండి, ఏడవకండమ్మా. ఏటీ అవలేదు గదా. గుంటని ఒళ్లో పెట్టుకోండి. నాను ఒచ్చీసేను గదా. ఈసారి ఒచ్చేను.

ఈసారి అన్నానా? అన్నాను లెండి. నోరు జారలేదు. సెప్పాలనే ఒచ్చేను.

ఈ లావుపాటి రాగి తీగ ఉన్నాదే, దీన్ని దొర ఎర్త్ అనీవోడు. మీకు ఇంగిలీసొచ్చు గదా, ఎర్త్ అంటే భూమే. పెరట్లో మూడు బారల లోతు గొయ్యి తవ్వించేడు. అడుగున రాగి రేకు, దాని మీద బొగ్గు, బొగ్గు మీద ఉప్పు, మళ్లీ బొగ్గు. ఆ రేకు నుంచి ఈ తీగ పైకొచ్చి పొయ్యినీ డబ్బానీ పట్టుకుంటాది. ఎప్పుడైనా ఇనంలోకి కరెంటు దిగిందనుకోండి, మనిషిలోంచి పోదు, ఇందులోంచి భూమిలోకి ఎల్లిపోతాది. కానీ భూమి తడిగా ఉండాలి. ఎండిన భూమి కరెంటుని పుచ్చుకోదు. అందుకని గొయ్యి మీద సిల్లు పెట్టిన రాయొకటి ఏసి, ఎండాకాలం రోజుకి నాలుగు కడవల నీళ్లు ఆ సిల్లులో పొయ్యాలన్నాడు.

పొయ్యడానికి ఎవరున్నారు? బంగళాకి నీళ్లు మోసేది సోములమ్మ. కింద గూడెం ఆవిడి. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఒక్కత్తీ. మనిషి సన్నం గానీ రెండు కడవలు నెత్తిమీద, ఒకటి సంకన పెట్టుకుని గెడ్డనుంచి ఎక్కీసీది. పని సెప్పమని దొర నాకు పురమాయించేడు. సెప్పేను. "ఈ రాతి సిల్లులో నాలుగు కడవలు పొయ్యాల" అన్నాను. "ఏల?" అన్నాది. సెట్టు లేదు, మొక్క లేదు, ఒట్టి రాతికి నీళ్లేల?

ఏటి సెప్పను? నాకే సరిగ్గా తెలీదు. ఎర్త్ అంటే భూమి అని మాత్రం తెలుసు. నవ్వులాటకి అన్నాను మేష్టారూ. "ఇది భూమితల్లి తీగ. తల్లికి దాహం. నీళ్లు పొయ్యకపోతే మనిషిని పట్టుకుంతాది" అన్నాను.

ఆవిడి నవ్వలేదు. కడవ దించి, దణ్ణం పెట్టి, పోసినాది.

మర్నాటినుంచి ఆ రాయి రాయి కాదు. పసుపు రాసినాది. ముందు దోసెడు అంబలి, తరవాత నీళ్లు. సైత్రంలో ఇటుకల పండగొస్తే కొత్త మామిడికాయ ముక్క అక్కడ పెట్టకుండా నోట్లో పెట్టుకోలేదు. ఒకసారి కోడిపెట్ట ఈకలు కూడా సూసేను. నాకు నవ్వొచ్చీది. గూడెంవాళ్లు కొందరు ఒచ్చి మొక్కీవోళ్లు. మంగరాజు పాతిన తీగకి మొక్కుబళ్లు అని సంతలో మైదానపు కిందోళ్లు నన్ను ఆట పట్టించీవోళ్లు. కానీ ఒక్కటి సెప్తాను. దొరున్న మూడేళ్లూ ఆ రాయి ఒక్కరోజు ఎండలేదు. జరమొస్తే పక్కింటావిడిని పంపించీది. ఏ మేస్త్రి సేస్తాడు అంత పని? నాను సేస్తానా?

దొర తోట అమ్ముకుని ఎల్లిపోనాడు. వీరభద్రరావుగారు కొన్నారు. ఇల్లు అద్దెకిస్తాను, మన్యంలో కరెంటు స్నానం అని ఊరంతా సెప్పుకున్నారు. అటవీ కచేరీలో పన్జేసే బాబొకాయన దిగేడు, కొత్తగా పెళ్లయినాది. ఆయన భార్య రత్నమ్మగారు. రత్న అనే పిలిసీవోడు ఆయన, ఇంటి బయటికి ఇనిపించీది. ఇరవయ్యేళ్లుంటాయేమో. నాకు మజ్జిగ పోసీది, ఉప్పేసి, నిమ్మాకు నలిపేసి. ఇంటికెవరొచ్చినా అలగే.

ఆవిడికి పెరట్లో ఆ రాయి ఇబ్బందైనాది. తప్పు కాదు లెండి. స్నానంగది ఎనకాల ఎవరో ఒకరు మొక్కుతా ఉంటే, అంబలి సుట్టూ ఈగలు, నేలంతా సిత్తడి, దోమలు. ఏ ఆడమనిషికి బాగుంటాది? మొగుడితో సెప్పినాది, మొగుడు సావుకారుతో సెప్పేడు, సావుకారు నాతో సెప్పేడు. "నువ్వేగా మొదలెట్టేవు, నువ్వే మానిపించు" అన్నాడు. పదిమందిలో అన్నాడు. అందరూ నవ్వేరు.

పౌరుషం పొడుచుకొచ్చీసినాది నాకు. తిన్నగా పెరట్లోకి ఎల్లేను. సోములమ్మ కడవలతో ఒస్తన్నాది. "ఇక్కడ దేవుడూ లేడు, తల్లీ లేదు. ఇది ఒట్టి రాగి తీగ. ఇంక నీళ్లు పొయ్యకు" అన్నాను. "నువ్వే సెప్పినావు గదా అయ్యా, తల్లికి దాహవని" అన్నాది. "నవ్వులాటకి సెప్పేను" అన్నాను. నా మొహంలోకి సూసినాది. అంత సేపు ఎవరూ నన్ను సూడలేదు మేష్టారూ. "తల్లిని నవ్వులాట సేస్తారా" అన్నాది, అంతే.

నాను ఆ రాతి మీద నాపరాళ్లు పరిపించీసేను. సిల్లు మూసీసేను.

తెలిసి సేసేనా తెలీక సేసేనా అని అడుగుతున్నారు. అక్కడే ఉన్నాది మేష్టారూ. తెలీదని ఏడాదిగా నాకు నానే సెప్పుకుంటన్నాను. దొర సెప్పేడు, ఎండాకాలం నీళ్లు పొయ్యకపోతే ఇది ఎందుకూ పనికి రాదు అని. సెవులారా ఇన్నాను. నాను ఇన్నదీ అదే, సోములమ్మకి సెప్పిందీ అదే. నాను సెప్పిందాన్ని ఆవిడి నమ్మినాది. నాను ఇన్నదాన్ని నాను నమ్మలేదు. అంతే తేడా.

సోములమ్మ ఊరుకోలేదు. రెండు సంతల్లో అన్నాది, తల్లి దాహంతో ఉన్నాది, ఆ ఇంట్లో మనిషిని పట్టుకుంతాది అని. ఆవిడి సొంత మాట కాదది. నాను సెప్పిన మాటే, ఉన్నదున్నట్టు.

ఇటుకల పండగ ఎల్లిన మూడోనాడు, పొద్దున్న. మొగుడు కచేరీకి ఎల్లేడు. రత్నమ్మగారు నీళ్లగదిలోకి ఎల్లినాది. డబ్బా లోపల తీగకి సుట్టిన గుడ్డ ఎప్పుడో కుళ్లిపోయుంటాది. భూమి పెంకులాగ ఎండిపోయున్నాది. మర పట్టుకున్న సెయ్యి ఒగ్గలేదు.

నన్ను పిలిస్తే ఒచ్చేను. సక్రానికి నీళ్లు ఆపించి తలుపు తీసేం. ఆ తరవాతది సెప్పను, అమ్మగారు ఇంటన్నారు.

సావుకారు నన్ను పక్కకి లాగి అడిగేడు. "మంగరాజూ, తీగల్లో ఏదైనా దోషం ఉందా?" ఆయన కళ్లల్లో ఏటుందో నాకు కనిపించినాది. ఉందన్నానంటే ఇంక ఈ ఇంటికి మనిషి రాడు, నాకు పని లేదు. పైగా ఆ రాళ్లు పరిపించిందెవడు అంటారు. "లేదండి, తీగలు బాగున్నాయి" అన్నాను. నిమిషం పట్టలేదు ఆ మాట అనడానికి.

తీగలు బాగుంటే ఇరవయ్యేళ్ల పిల్ల ఎలగ పోనాది? ఏదో ఒకటి ఉండాలి గదా. సంతలో సోములమ్మ అన్నమాట అందరికీ గుర్తే. ఆ ఇంట్లో మనిషిని పట్టుకుంతాదన్నాది, పట్టుకున్నాది. రాయి మూసీసేరన్న కక్షతో సిల్లంగి, అదే సేతబడి, పెట్టినాది అన్నారు. ముందు మన కిందోళ్లే అన్నారు, సావుకారు దుకాణం ముందరే అన్నారు. తరవాత ఆవిడి గూడెంవాళ్లూ భయపడి అవునన్నారు. సావుకారు మీకూ అదే సెప్పుంటాడు. సెప్పేడు గదా? దయ్యపుదాన్ని ఎల్లగొట్టీసేం, ఇంక భయం లేదని?

అదీ సంగతి. మీ కాయితం ఎనకాల ఉన్న ధీమా అదే.

సిల్లంగి పెట్టినోళ్లకి ఏటి సేస్తారో మీకు తెలీదు, మీరు కొత్త. సోములమ్మకి ముందుపళ్లు పీకీసి తరిమీసేరు. పళ్లు లేపోతే మంతరం సరిగ్గా పలకదట. పలకకపోతే పారదట.

ఇప్పుడు పెదబయలు పక్క సెల్లెలి దగ్గరున్నాది. మొన్న పుష్యంలో నాను ఎల్లేను. ఎందుకెల్లేను? సెప్పీసి రావాలని. తప్పు నాది అని నాలుగు ముక్కలు. దారంతా ఆ నాలుగు ముక్కలే వల్లేసుకుంటా ఎల్లేను. గుమ్మం ముందర సామలు సెరుగుతున్నాది. నన్ను సూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాది. లోపలికెల్లి సొరబుర్రతో నీళ్లు తెచ్చినాది. ఎండన పడి ఒచ్చేను గదా. తాగేను. బుర్ర తిరిగిచ్చేను. ఆ నాలుగు ముక్కలూ ఎలగ మోసుకెల్లేనో అలగే మోసుకుని ఒచ్చీసేను.

అమ్మగారు లేచి నిలబడ్డారు. సామాను మళ్లీ బండి ఎక్కించమంటారా? ఈ పక్క మీకు ఇంకో ఇల్లు దొరకదమ్మా. ఇంటికేం, గోడలు గట్టివే, కప్పు మంచిదే. ఇంటిని పాడు సేసింది తీగలు. అవి లేకపోతే అన్ని ఇళ్లలాగ ఇదీ ఒక ఇల్లు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాసుకోండి. కట్టెలు నాను తెచ్చిస్తాను.

అందుకే ఫ్యూజు పీకీసి ఈ తీగలు కోసీస్తన్నాను. మళ్లీ ఎవడూ అతకడానికి లేకుండా గోడలోపలి దాకా కోస్తన్నాను. సావుకారుకి తెలుస్తాది. తెలవనీండి. సోములమ్మ సంగతి కూడా సెప్తాను, ఈ సంతలోనే, దుకాణం ముందరే. మీరు పక్కన నిలబడతారా? నిలబడకపోయినా సెప్తాను. నిలబడితే కొంచెం బాగుంటాది. ఎదటోడు గట్టిగా మాటాడితే నా సంగతి మీకు సెప్పేను గదా.

ఏటి, ఏటంటున్నారు? కూరల కత్తితో ఇంత లావు తీగ రుద్దుతున్నావు, కరెంటు మేస్త్రివి, పటకారు లేదేటి అనా?

ఉండీది. విజయనగరంలో నాకు పని నేర్పినాయన సచ్చిపోతా ఇచ్చీసింది, మంచి పటకారు. సోములమ్మని కట్టీసిన రోజు నాను ఇంట్లో తలుపేసుకుని కూకున్నాను. ఎవరో తలుపు కొట్టేరు. "మేస్త్రీ, నీ పటకారు ఒకపాలి ఇయ్యి" అన్నారు. ఎందుకని నాను అడగలేదు. నాకు తెలుసు మేష్టారూ. తీసి ఇచ్చీసేను.

సాయంత్రం కడిగి తెచ్చిచ్చేరు. నాను దాన్ని మళ్లీ సేత్తో పట్టుకోలేకపోనాను, గెడ్డలో ఇసిరీసేను.

కొంచెం పక్కకి జరగండి. పొయ్యి తీగ కూడా కోసీయాలి.